సిలిండర్ ఎందుకు పెరుగుతోంది?

ఉదయగిరి నుంచి పిల్లాణ్ని వెంటబెట్టుకుని నెల్లూరులో కళ్ల డాక్టరు దగ్గరికొచ్చే తండ్రి జేబులో అద్దాల చీటీ ఉంటుంది. అందులో సిలిండర్, అంటే కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడాన్ని సరిదిద్దే పవర్, ఆరు నెలల కిందట రెండు, ఇప్పుడు మూడున్నర. కొత్త అద్దాలు పెట్టినా బోర్డు మీద అక్షరాలకు నీడలు కనిపిస్తున్నాయంటాడు పిల్లాడు. ఆ మాట చెబుతూనే పిడికిలితో కళ్లు నులుముకుంటాడు. ‘ఎప్పుడూ సెల్‌ఫోనేనండీ’ అని తండ్రి ఫిర్యాదు. ఫోన్‌ను తిట్టడం తేలికే. ఆ అంకె ఎందుకు పరుగెడుతోందో మాత్రం ఎవరూ అడగరు.

అది కెరటోకోనస్ కావచ్చు. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. ఎక్కువగా టీనేజ్‌లో మొదలై ముప్పై దాటేదాకా ముదురుతుంది. అలర్జీ దురద, నులుముకునే అలవాటు దానికి ఆజ్యం పోస్తాయి. తొలిదశలో టార్చి వేసి చూస్తే ఏమీ దొరకదు. మామూలు కెరటోమీటర్ కార్నియా నడిమి వంపునే కొలుస్తుంది, ఉబ్బేమో తరచూ కింది భాగంలో ఉంటుంది. టోపోగ్రఫీ అనే స్కాన్‌లో కంటి మీద వలయాలు పడేలా చేసి, ఆ ప్రతిబింబం ఎక్కడ వంకరపోయిందో చూస్తారు. టోమోగ్రఫీ ఇంకో అడుగు ముందుకెళ్లి వెనకవైపు వంపునూ, చోటుచోటుకీ మందాన్నీ లెక్కగడుతుంది. మధ్యలో సగటు మందం దాదాపు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త పైన. ఈ స్కాన్ ఇచ్చే రంగుల పటంలో, వంపు ఎక్కువుందని చెప్పే ఎర్రరంగు కనిపించగానే గాబరా పడక్కర్లేదు. కన్ను పొడిబారినా, కాంటాక్ట్ లెన్సులు అప్పుడే తీసి వచ్చినా పటం తప్పుగా రావచ్చు.

తొందరపడాల్సింది చికిత్స కోసం. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టే క్రాస్‌లింకింగ్‌తో చాలామందిలో జబ్బు ముదరకుండా ఆగుతుంది. చెడిన ఆకారం మాత్రం పూర్తిగా వెనక్కి రాదు. మామూలు పద్ధతిలో చేయాలంటే కనీసం 400 మైక్రాన్ల మందం మిగిలి ఉండాలి. బాగా ముదిరితే కొందరికి కార్నియా మార్పిడే దిక్కు. పెళ్లిచూపుల్లోపు అద్దాలు వదిలించుకుందామని లేజర్‌కు పరుగెత్తేవారికీ ఈ స్కాన్ తప్పనిసరి. ఉన్న పొరనే లేజర్ ఇంకా పలచన చేస్తుంది మరి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు తొలి విడతలో బడి పిల్లలనే పరీక్షించారు. బడి శిబిరం పని అద్దాలు పంచడంతో ముగియకూడదు. పాత చీటీని కొత్త చీటీ పక్కన పెట్టి, సిలిండర్ పెరిగిన ప్రతి పిల్లనూ, పిల్లాణ్నీ స్కాన్‌కు పంపాలి. ఆ స్కాన్ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా, వచ్చిన రోజే జరగాలి. ఉదయగిరి నుంచి రెండోసారి రమ్మంటే ఆ తండ్రికి బస్సు ఛార్జీలతోపాటు మరో రోజు కూలీ పోతుంది.