స్కాన్ ఒక్కటే చూసి తేల్చవద్దు

నెలసరి తప్పితే పెళ్లయ్యాక అదే సర్దుకుంటుందని వదిలేయవద్దని నెలసరి తేడాల మీద మీ వ్యాసంలో రాశారు, సంతోషం. మా అమలాపురం వైపు ఇంకా ఆ మాటే వింటున్నాం. మా చెల్లెలికి నెలసరి ఆగింది. స్కాన్‌లో అండాశయాల మీద నీటిబుడగలు కనిపించగానే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య) అన్నారు. జాకెట్టు మీద పాల మరకలు పడుతున్నాయని అమ్మకు కూడా చెప్పలేక రోజూ తనే ఉతుక్కుంది, పిచ్చితల్లి. కాకినాడలో హార్మోన్ల డాక్టరమ్మ అడిగితేగానీ బయటపడలేదు. రక్తపరీక్షలో పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ ఎక్కువని, అందుకే నెలసరి ఆగిందని తేలింది.

పీసీఓఎస్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం బుడగలు ఒక్కటే చాలవు. అండం విడుదల సరిగా లేకపోవడం, పురుష హార్మోన్లు పెరగడం, బుడగలు, ఈ మూడింటిలో రెండు ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ తేడాలు లేవని ముందే చూసుకోవాలి. గ్యాస్, వాంతులకు వాడే డోంపెరిడోన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.