‘పూర్తి మద్దతు’ ప్రకటన గారికి బహిరంగ లేఖ

ఫుట్‌బాల్ క్లబ్బుల తరఫున అప్పుడప్పుడూ వెలువడే ‘మా మేనేజర్‌కు మా పూర్తి మద్దతు ఉంది’ అనే ప్రకటన గారి దివ్యసముఖమునకు,

హైదరాబాద్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని ఒకడు నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా, మీరు రాకపోతే మాకు టెన్షన్. వస్తే భయం. జట్టు వరసగా మూడు మ్యాచ్‌లు ఓడితే చాలు, మా వాట్సాప్ గ్రూపులో మేనేజర్ (జట్టును నడిపించే పెద్ద కోచ్) సంగతి తప్ప వేరే మాట ఉండదు. “మామా, ఉంటాడా పోతాడా?” అని ఒకడు మొదలుపెడతాడు. ఆధారాలు చాలా గట్టివి. మ్యాచ్ అయ్యాక కెప్టెన్ ఆయన చెయ్యి సరిగా కలపలేదు. రిజర్వ్ గోల్‌కీపర్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదో పోస్టుకు లైక్ కొట్టి, వెంటనే తీసేశాడు. ఫలానా కోచ్ స్పెయిన్ నుంచి బయల్దేరాడట. ఏ ప్రైవేటు విమానం ఎక్కడ దిగుతోందో ఫోన్‌లో చూసి చెప్పేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. సొంత అత్తగారు ఏ రైలుకు దిగుతున్నారో మాత్రం వాడికి గుర్తుండదు.

అంతలో మీరు దయచేస్తారు. “ఇటీవలి ఊహాగానాల నేపథ్యంలో స్పష్టం చేయదలిచాం...” అంటూ. అప్పటిదాకా కొట్టుకుంటున్న గ్రూపు ఒక్కసారిగా ఏకమవుతుంది. “అయిపోయిందన్నా” అంటాడు ఒకడు. కాదనేవాడు ఉండడు. మీరు ‘ఉంటాడు’ అన్నారంటే సూట్‌కేసు సర్దుకోమని అర్థమని మాకు నేర్పింది మీరే కదా!

లెస్టర్ సంగతి గుర్తుచేయమంటారా? సీజన్ మొదట్లో బుకీలు ఒకటికి 5000 ఇస్తామన్నా జనం నవ్వుకున్న జట్టు అది. దానితో 2016లో ఇంగ్లండ్ లీగ్ గెలిపించాడు క్లాడియో రానియేరి. మరుసటి ఏడు జట్టు కిందికి జారుతుంటే, 2017 ఫిబ్రవరి 7న మీరు స్వయంగా విచ్చేశారు. చెక్కుచెదరని మద్దతు అన్నారు. ఫిబ్రవరి 23న ఆయన్ని సాగనంపారు. అంతకు ముందురోజు రాత్రే, యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్‌లో రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది స్పెయిన్‌లో సెవిల్లా చేతిలో 2-1తో ఓడినా, సొంతూళ్ళో జరగాల్సిన రెండో మ్యాచ్ మీద ఆశ మిగుల్చుకుని వచ్చాడు పెద్దాయన. ఆ రెండో మ్యాచ్ కొత్త మేనేజర్ గెలిచాడు, కాబట్టి క్లబ్బు తప్పు చేసిందని నేను గట్టిగా అనలేను. కానీ మీ మాటకు ఆయుష్షు పదహారు రోజులేనా, మహానుభావా?

మా ఇంటి కథ ఇంకా వినసొంపుగా ఉంటుంది. 2024 మే నెలలో మా మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ మాంచెస్టర్ సిటీని ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ తెచ్చాడు. లీగులో మాత్రం ఎనిమిదో స్థానం. క్లబ్బు పెద్దలు కొన్నాళ్ళు ‘సమీక్ష’ పేరుతో తలుపులు వేసుకున్నారు. తర్వాత ఆయన సెలవులు గడుపుతున్న ఇబిజా ద్వీపానికే వెళ్ళి, టుకెల్ అనే వేరే కోచ్‌తో మాట్లాడామనీ, చివరికి ఉన్నవాడే ఉత్తముడని తేలిందనీ చెప్పారు. ఈ ముచ్చట బయటపెట్టింది టెన్ హాగే. నాలుగు సంబంధాలు చూసొచ్చి, ఏదీ కుదరక, ఇంట్లో ఉన్న అల్లుడి దగ్గరికే వెళ్ళి ‘బాబూ, నీ అంతటివాడు లేడు’ అన్నట్టుంది వ్యవహారం. జులైలో ఒప్పందాన్ని 2026 దాకా పొడిగించారు. అక్టోబరు 28న తీసేశారు. ఆయన్నీ ఆయన సహాయకుల్నీ పంపడానికి కోటి పౌండ్ల పైచిలుకు ఖర్చని క్లబ్బు లెక్కల్లోనే చూపించింది. ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మీరే కలం అందించారని నా అనుమానం.

మీ ఇబ్బందులు నాకు తెలియక కాదు. పోతాడని తెలిస్తే ఆటగాళ్ళు మర్నాటి నుంచే మాట వినరు. కొత్తవాడు దొరక్కముందే పాతవాణ్ణి తీసేస్తే, ఆ కొత్తవాడి ఏజెంటు రేటు పెంచేస్తాడు. అందుకని లోపల వెతుకులాట, బయట మీరు. బుకీలు మాత్రం మిమ్మల్ని అసలు లెక్కచేయరు. తర్వాత ఊడే ఉద్యోగం ఎవరిదన్న దాని మీద కూడా అక్కడ పందాలు నడుస్తాయి. మీరు వచ్చి వెళ్ళాక ఆ పట్టిక ఒకసారి తిరగేయండి.

మేమూ తక్కువ వాళ్ళమేం కాదు. 1989 చివర్లో మా స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అప్పటి మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు టాటా చెబుతూ బ్యానర్ పట్టింది మావాళ్ళే. ఆ తర్వాత ఆయన 2013 దాకా కదలలేదు, పదమూడు లీగ్ టైటిళ్ళు కొట్టాడు. తర్వాత వచ్చిన డేవిడ్ మోయెస్‌కు ‘ఎంపికైనవాడు’ అని బ్యానర్ కట్టిందీ మావాళ్ళే. ఏడాది తిరక్కుండా, 2014 మార్చిలో, చందాలేసుకుని విమానం తోకకు ‘మోయెస్ అవుట్’ అని కట్టి స్టేడియం మీద తిప్పారు. ఆ రోజు జట్టు 4-1తో గెలిచింది! పైన విమానం, కింద గోల్స్. ఎటు చూడాలో, దేనికి చప్పట్లు కొట్టాలో పాపం ఎవరికి తెలుసు? ఆర్సెనల్ వాళ్ళు మమ్మల్ని మించిపోయారు. 2017లో వెస్ట్ బ్రామ్‌విచ్‌లో ఒకే మ్యాచ్‌కు రెండు విమానాలు ఎగిరాయి. ఒకటి వాళ్ళ మేనేజర్ వెంగర్‌ను పొమ్మంది, రెండోది వెంగర్‌ను గౌరవించమంది. అదే ఏడు నవంబరులో జింబాబ్వేలో ముగాబే దిగిపోవాలని జనం వీధుల్లోకొస్తే, ఆ గుంపులోనూ ‘వెంగర్ అవుట్’ అట్ట ఒకటి కనబడింది.

మరి పొమ్మనని మనిషి తనంతట తానే పోతానంటే? 2024 జనవరి 26న లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లాప్, ఒంట్లో శక్తి అయిపోతోంది, సీజన్ చివర వెళ్ళిపోతానన్నాడు. మా ఆఫీసులో లివర్‌పూల్ అభిమాని ఒకాయన ఆ పూట భోజనం మానేశాడు. సాయంత్రానికల్లా తేరుకుని “షాబీ అలోన్సో వస్తాడంటావా అన్నా?” అన్నాడు. అలోన్సో రాలేదు. ఆర్నె స్లాట్ వచ్చి మొదటి ఏడే లీగ్ కొట్టాడు.

మీకు పని లేకుండా చేసినవాళ్ళూ ఉన్నారనుకోండి. 2025 అక్టోబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ యజమాని మ్యాచ్ మధ్యలోనే సీట్లోంచి లేచి వెళ్ళిపోయారు. ఆట ముగిసి అరగంట కాకముందే మేనేజర్ యాంజ్ పోస్టెకొగ్లూ ఉద్యోగం పోయింది. చేరి అప్పటికి ముప్ఫైతొమ్మిది రోజులు. మొహమాటం లేదు, ఊహాగానాల నేపథ్యం లేదు, మీరూ లేరు. ఆ రోజు నాకు మీరు గుర్తొచ్చి కొంచెం జాలేసిందంటే నమ్మండి.

అందుకని నా మనవి ఒక్కటే. ఇకనుంచి వచ్చేటప్పుడు మద్దతు ఎన్ని మ్యాచ్‌ల వరకో కింద చిన్న అక్షరాల్లోనైనా వేయించండి. ‘వచ్చే రెండు సొంత మ్యాచ్‌లకు మాత్రమే వర్తిస్తుంది’ అని రాసినా సంతోషమే. రాత్రి ఒంటిగంటన్నరకు మొదలయ్యే మ్యాచ్ చూసి, పొద్దున్నే ఆఫీసుకు పోయే వాళ్ళం. ఏ రోజు సెలవు పెట్టుకోవాలో ముందే తెలుస్తుంది.

ఇట్లు,
తమ రాకను కోరుకోని,
తమరొస్తే మొదట ఫార్వర్డ్ చేసే అభిమాని

తా.క.: ఈ లేఖ రాస్తుండగానే గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఏదో విమానం మాంచెస్టర్‌లో దిగిందట. ఎవరిదో కనుక్కుని చెబుతాను.