బట్టల క్లిప్పుల శాస్త్రం

ఆగస్టు మధ్యాహ్నం, టెక్సాస్. ఇండియన్ స్టోర్ ముందు నా పాత అమెరికన్ కారు, 1969 షెవెల్ ఎస్ఎస్ 396, బానెట్ ఎత్తుకుని నోరెళ్లబెట్టి నిలబడింది. కరివేపాకు కోసం లోపలికెళ్లి పావుగంటలో తిరిగొచ్చాను. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోదు. ఆరున్నర లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8, 325 గుర్రాల బలం. ఒక్క గుర్రమూ లేవదు.

బానెట్ లేస్తే చాలు, మనవాళ్లు బంతికి పిలిచినట్టు వచ్చేస్తారు. "అన్నా, బ్యాటరీ చూశారా?" అన్నాడొకడు. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏమైనా పెండింగ్ ఉందేమో!" అన్నాడింకొకడు. కొన్నప్పుడు నిమ్మకాయలు తొక్కించారా అని మూడో ఆయన అడిగాడు. ఆ గుంపులో కాస్త లోతుగా ఆలోచించింది ఆయనే.

అప్పుడు దిగాడు టోపీ పెట్టుకున్న ఒక అమెరికన్ తాత. ప్రశ్నల్లేవు. జేబులోంచి ఆరు చెక్క బట్టల క్లిప్పులు తీసి, పెట్రోలు గొట్టానికి అంగుళానికొకటి చొప్పున, వ్రతానికి తమలపాకులు సర్దినంత శ్రద్ధగా తగిలించాడు. ఒకటి వంకరగా ఉందని తీసి మళ్లీ పెట్టాడు. వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరి కాకుండా ఇవి ఆపుతాయని ఈ దేశంలో పాత నమ్మకమే. చెక్క వేడిని లాగేస్తుందని ఒక శాఖ, రానివ్వదని మరో శాఖ. గొట్టం మాత్రం రెండు శాఖలకూ ఒకటే. చెక్క వేడిని లాగేదే అయితే మనింట్లో అట్లకాడకు చెక్క పిడి ఎందుకు పెడతారో ఆయన్ని అడగలేకపోయాను. పెద్దాయన కదా. ఇరవై నిమిషాలకు బండి తనంతట తాను చల్లబడి స్టార్టయింది. ఘనత క్లిప్పులకు. మనవాళ్లు ఫోటోలు కూడా తీసుకున్నారు.

అసలు సంగతి పాలు కాచే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పొయ్యి కట్టేసినంత మాత్రాన గిన్నె చల్లారదు. ఇంజిన్ ఆపగానే ఫ్యానూ, నీళ్ల పంపూ ఆగిపోతాయి. దాదాపు 90 డిగ్రీల్లో ఉన్న ఇనప దిమ్మ తన వేడినంతా పైన కూర్చుని పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌కు ఎక్కిస్తుంది. పెట్రోల్లో తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరి పడతాయి, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ 78కి మరుగుతుంది. కార్బురేటర్ తొట్టిలో పెట్రోలు పొంగి ఇంజిన్ గొంతులోకి కారుతుంది. అప్పుడు యాక్సిలరేటర్‌ను టపటపా కొట్టడమంటే మునిగేవాడికి మంచినీళ్లు పట్టడం. అడుగంటా ఒక్కసారి తొక్కి, అలాగే పట్టుకుని స్టార్టర్ తిప్పాలి.

ఇక నేను డబ్బులు పోసిన వర్క్‌షాప్ సంగతి. నా కార్బురేటర్ క్వాడ్రాజెట్ పాడైందని రెండుసార్లు విప్పి బిగించారు, రెండు బిల్లులు వేశారు. మూడోసారి "దీన్ని పారేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించుకోండి సార్" అన్నారు. పారేయాలా? ఫ్యాక్టరీ నుంచి ఈ ఇంజిన్ మీదే బతికొచ్చిన ముక్కని! గిన్నె కింద మంట పెట్టింది ఎవడో చూడకుండా పొంగిందని గిన్నెని పారేస్తారట్రా? అదీ డబ్బు తీసుకుని! తాత క్లిప్పులు కనీసం ఉచితం.

మంట పెట్టింది కంపెనీయే. చలిదేశాల్లో ఇంజిన్ త్వరగా వేడెక్కాలని పొగగొట్టం వేడిని కార్బురేటర్ అడుగునుంచి దాటించే దారి ఉంచారు. డెట్రాయిట్ మంచులో అది వరం, టెక్సాస్‌లో కుంపటి. మూసుకున్నప్పుడు ఆ పొగను అటు మళ్లించే రేకు తలుపు ఒకటుంటుంది. నాది తుప్పు పట్టి మూసుకుపోయి ఏళ్లయినట్టుంది. నూనె పోసి, తట్టి, తెరిచి తీగతో కట్టాను. ఆ పొగ దారిని మూసే గ్యాస్కెట్ అనే పలచని పొర వేశాను. పెట్రోలు గొట్టాన్ని ఇంజిన్‌కు ఎడంగా జరిపాను. కార్బురేటర్ కింద అరంగుళం ఫినాలిక్ పలక పెట్టాను. మన కుక్కర్ పిడికి వాడే బేకలైట్ జాతే అది. అరంగుళం లేచాక బానెట్ మూసుకుంటుందా? ఎయిర్ ఫిల్టర్ మూత మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, బానెట్ దించి, ఎత్తి చూశాను. ముద్ద వేలెడు మందం మిగిలింది. మా ఆవిడ మాత్రం "ఆ పిండి మళ్లీ డబ్బాలో పెట్టలేదు కదండీ?" అని మూడుసార్లు అడిగింది.

మొన్న అదే స్టోరు, అదే ఎండ, అదే కరివేపాకు. తాళం తిప్పగానే లేచింది. ఎవరూ ఫోటో తీయలేదు.

తాత ఇచ్చిన క్లిప్పులు వెనక్కి ఇవ్వలేకపోయాను. బట్టలకు పెడదామంటే మా కాలనీలో తీగ కట్టనివ్వరు. ఇప్పుడవి వంటింట్లో మరమరాల ప్యాకెట్ల మూతికి ఉన్నాయి. అక్కడ బాగా పనిచేస్తున్నాయి.