గెట్టు దాటే మంట

ఎండలు ముదిరితే చాలు, ఓరుగల్లు చుట్టుపక్కల సాయంత్రాలకు పొగ వాసన పడుతుంది. పరకాల, నర్సంపేట వైపు చెలకల్లో పత్తి కట్టె కుప్పలు అంటుకుంటాయి. యాసంగి కోతలయ్యాక హార్వెస్టర్ వదిలిన వరి కొయ్యకాళ్ల వంతు వస్తుంది. హన్మకొండ, కాజీపేట శివార్లలో ప్లాటు చదును చేయించినవాళ్లు కొట్టేసిన సర్కారు తుమ్మ కంపను కుప్పపోసి, అగ్గిపుల్ల గీసి ఇంటికి పోతారు. ఆ కంప రాత్రంతా కాలుతూనే ఉంటుంది. పక్కింటి ముసలాయన రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు.

దీనికి చట్టం లేదా అంటే, ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ జరిమానా కూడా ఖరారు చేసింది: మామూలుగా కాలిస్తే 5 వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి పక్కవాడి ప్రాణం మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. కానీ మన వీధిలో ఈ జరిమానా కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఆ 2016 నిబంధనల్లోనే ఇంకో మాట కూడా ఉండేది. పెరటి ఆకులు, కొమ్మలు విడిగా తీసిపెట్టి, స్థానిక సంస్థ చెప్పినట్టు వదిలించుకోవాలట. స్థానిక సంస్థ ఏం చెప్పింది? ఇంట్లో మామిడి చెట్టు, వేప చెట్టు ఉన్నవాళ్లను అడగండి. చెత్త ఆటో తడి చెత్త, పొడి చెత్త తీసుకుంటుంది, కొమ్మలు తెస్తే ‘అది మా పని కాదు’ అంటుంది. వానాకాలం ముందు కరెంటు తీగల కింద నరికిన కొమ్మలు ఎక్కడివక్కడే ఎండుతాయి. ఊడ్చిన ఆకుల కుప్పను ఊడ్చినవాళ్లే మూలన అంటుపెట్టడం కూడా చూస్తూనే ఉన్నాం. కాల్చొద్దన్నవాళ్లు, మరేం చేయాలో చెప్పలేదు.

రైతు సంగతి ఇంకాస్త చిక్కు. పత్తిలో గులాబీ రంగు పురుగు తరువాతి పంటకు పాకకుండా కట్టె పీకి కాల్చేయమని ఒకప్పుడు చెప్పింది వ్యవసాయ నిపుణులే. ఇప్పుడు ష్రెడర్‌తో ముక్కలు చేసి దుక్కిలో కలపమంటున్నారు. మంచి మాటే, కానీ ఆ యంత్రం అద్దెకు దొరకాలి కదా. వరి రైతుకు దారి కాస్త సులువు. మడికి నీళ్లు పెట్టి, ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటావేటర్ తిప్పితే కొయ్యకాళ్లు మురిగి ఎరువవుతాయి. టన్ను గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ నష్టమని లెక్క. యూరియా కోసం క్యూలో నిలబడే రైతుకు ఈ లెక్క ఎవరైనా ఓపిగ్గా విడమరచి చెప్పాలి.

మంట గెట్టు దగ్గర ఆగదు. పక్క చేను డ్రిప్ పైపులు, మోటారు స్టార్టరు డబ్బా, గెట్టు మీది తాటిచెట్లు అన్నీ దాని బారిన పడతాయి. కాలిన తాటిచెట్టు మళ్లీ కల్లు ఇచ్చేదాకా గీత కార్మికుడు ఏం తిని బతకాలి? రోడ్డు పక్క హరితహారం మొక్కలు ట్రీగార్డులతో సహా మాడిపోతున్నాయి. అన్నిటికన్నా ఘోరం, మంట ఆర్పబోయి పొగలో సొమ్మసిల్లి పడిపోయే వృద్ధ రైతుల కథ. ఆ వార్త మేము వేయాల్సి రాని వేసవి గుర్తు లేదు.

ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో ఇప్పపువ్వు కోసం, తునికాకు చిగుళ్ల కోసం పెట్టే నిప్పుకు అడ్డుగా అటవీ సిబ్బంది వేసవికి ముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఎండుటాకు, గడ్డి తీసేసిన ఖాళీ పట్టీలు, గీస్తారు. చేలల్లో ఆ మాత్రం ఏర్పాటు కూడా లేదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏటా మార్చి 16 నుంచి మే 14 దాకా కొమ్మలు, కంప కాల్చడం పూర్తిగా నిషేధం. మిగతా నెలల్లో 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లలోనే, అదీ ఎనిమిదడుగుల లోపు పొడవు, ఆరంగుళాల లోపు మందం ఉన్న కొమ్మలనే కాల్చాలి. ఆకులైతే ఎప్పుడూ కాల్చకూడదు. రూలంటే అలా ఉండాలి. చదివినవాడికి ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో అర్థమవ్వాలి.

నగరంలో కాల్చడం పూర్తిగా ఆగాల్సిందే, అందులో బేరం లేదు. పల్లెల్లో మాత్రం యంత్రాలు వచ్చేదాకా కాల్చనే వద్దంటే ఆ మాట కాగితం మీదే ఉంటుంది. మా మాట కొందరికి రుచించకపోవచ్చు. గ్రామసభ తీర్మానం చేసి చాటింపు వేయించాలి: గాలి వీచే రోజు నిప్పు వద్దు, ఎండు గడ్డి ఉన్న గెట్టు పొడవునా ముందు దున్నాలి, పక్క రైతుకు చెప్పాలి, ఒంటరిగా ఎవరూ దిగొద్దు. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్యాంకర్లు వచ్చాయి. హరితహారం మొక్కలకు నీళ్లు పోసే ఆ ట్యాంకరే మంట పెట్టే రోజు గెట్టు మీద నిలబడాలి. నగరంలోనైతే వారానికో రోజు కొమ్మల కోసమే ఒక ట్రాక్టరు వాడవాడకూ తిరగాలి. ఏ వాడకు ఏ రోజో మున్సిపల్ కార్పొరేషన్ ఈ ఎండాకాలం లోపే ప్రకటించాలి.