మా నాన్న నుయ్యిని వాళ్ళు తీసేశారు

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తాను, రేపటికి చల్లబడితే ఎవరో ఒకరు "పోన్లే" అంటారు, నేనూ పోన్లే అనుకుంటాను.

మా అన్నయ్య కూతురు అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తోంది. కోస్టల్ ఇంజినీరింగ్. మొదటి గడువు డిసెంబరు 15. దరఖాస్తుతో పాటు నేనేం చదివాను, ఏం చేశాను, ఏం చేస్తాను అని రాసివ్వాల్సిన కాగితాన్ని ఎస్‌ఓపీ అంటారు. నెల రోజులు కూచుని ఎస్‌ఓపీ తనే రాసుకుంది. నేను చదివి, రెండు మూడు వాక్యాలు సరిచేసి, "చాలమ్మా, ఇంక దీన్ని ముట్టుకోకు" అన్నాను. మా వదినకి మనసొప్పలేదు. అందరి పిల్లలూ కన్సల్టెన్సీలో చూపించుకుంటున్నారు, మనం చూపించకపోతే పిల్లకి అన్యాయం చేసినవాళ్ళమవుతామని వైజాగ్‌లో ఒకచోట 12 వేలు కట్టింది. ఆ 12 వేలు ఎలా వచ్చాయో నాకు తెలుసు కాబట్టి వదినని ఏమీ అనను. ఈ రాత్రి తొమ్మిదింటికి వాళ్ళు "పాలిష్" చేసిన ఫైలు వచ్చింది.

పిల్ల రాసుకున్న మొదటి వాక్యం ఇది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను: "మా తాత ఇంటి నుయ్యి ఇప్పుడు సముద్రంలో ఎంత దూరాన ఉందో కొలవబోయాను, మొదటిసారి నా లెక్క తప్పింది."

వాళ్ళు మార్చిన మొదటి వాక్యం: "బాల్యం నుంచీ నాకు ఇంజినీరింగ్ పట్ల అమితమైన మక్కువ."

కాగితంలోంచి నుయ్యి పోయింది. తాతా పోయాడు. ఆ తాత మా నాన్న. ఆ నుయ్యి మాది. నేను చిన్నప్పుడు నీళ్ళు తోడిన నుయ్యి.

మన గంజాం వాళ్ళకి పొడంపేట గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉండేది మా ఊరు. చేపల వేటకెళ్ళే తెలుగువాళ్ళ ఊరు. సముద్రం ఏడాదికింత చొప్పున ఒడ్డు కోసుకుంటూ వచ్చింది. ముందు వలలు ఆరేసుకునే ఇసక పోయింది, తర్వాత ముందు వరస ఇళ్ళు, తర్వాత మా వరస. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి ఈ పిల్ల తుపాను షెల్టర్లో మా అమ్మ ఒళ్ళో పడుకుంది. అప్పటికి ఐదో తరగతి. తెల్లారాక ఊళ్ళోకొచ్చి "మన నుయ్యి ఏదీ?" అని అడిగింది. ఆ రోజుకి నుయ్యి ఉంది. తర్వాత లేదు.

ఈ పిల్ల బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు ఆ నుయ్యి మీద చేసింది. ఉపగ్రహ చిత్రాలు తీసుకుని, ఒడ్డు ఏ ఏడాది ఎక్కడుందో గీతలు గీసింది. లాండ్‌శాట్ అనే ఉపగ్రహం చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు. మా గడపకీ నుయ్యికీ మధ్య దూరమే అంతకన్నా తక్కువ! ఆ ఒక్క చుక్కలో మా ఇల్లు, నుయ్యి, కొబ్బరి చెట్లు అన్నీ కలిసిపోతాయి. పైగా ఆ ఫోటో ఆటులో తీసిందో పోటులో తీసిందో చూసుకోకుండా గీత గీస్తే నీళ్ళ అంచు గీసినట్టే గానీ ఒడ్డు గీసినట్టు కాదు. మొదటిసారి లెక్క అక్కడే తప్పింది. అప్పుడేం చేసిందంటే, మా నాన్నని, ఇంకో నలుగురు ముసలాళ్ళని వెంటబెట్టుకుని ఒడ్డంతా నడిచింది. "గుడి ఎక్కడ తాతా? వలలు ఎక్కడ ఆరేసేవాళ్ళు? నుయ్యి ఎక్కడ?" మా నాన్న నీళ్ళకేసి చెయ్యి చూపించి "అదిగో, ఆ అల ఇరిగే చోట గుంటా" అన్నాడు. గుంట అంటే మా దగ్గర పిల్ల. ఇద్దరు విడివిడిగా ఒకే చోటు చూపిస్తేనే ఆ చోటు లెక్కలోకి తీసుకుంది. 2015 తర్వాతి ఏళ్ళకి సెంటినెల్ అనే ఇంకో ఉపగ్రహం చిత్రాలు దొరికాయి, వాటిలో చుక్క 10 మీటర్లు. అన్నీ పక్కపక్కన పెట్టి, "నా లెక్కని ఇంతవరకే నమ్మొచ్చు, ఇంతకు మించి నమ్మొద్దు" అని చివర్లో రాసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

దీన్నంతా వాళ్ళు ఏం చేశారో చూడండి. "జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ వంటి అత్యాధునిక పద్ధతులతో ప్రాజెక్టు చేసి అద్భుతమైన ఫలితాలు సాధించాను." ఒక్క వాక్యం! ఈ వాక్యాన్ని దేశంలో ఏ సివిల్ పిల్లాడి కాగితంలో పెట్టినా సరిపోతుంది.

ఫోన్ చేశాను. మొదట మర్యాదగానే అడిగాను. అవతలి కుర్రాడన్నాడూ, "మేడం, 'తప్పింది', 'నమ్మొద్దు' అన్న మాటలు నెగటివ్. అవి చూస్తే రిజెక్ట్ చేస్తారు. ఇంకోటి, ఒడిశా, పల్లెటూరు, చేపలోళ్ళు, ఐదు దాకా తెలుగు మీడియం, ఇవన్నీ ప్రొఫైల్‌ని డౌన్ చేస్తాయి మేడం. మేం స్ట్రాంగ్‌గా చేశాం."

చేపలోళ్ళు.

బాబూ, ఆ చేపలోళ్ళే నీకు డబ్బు కట్టారు. ఆ డబ్బుకి కూడా చేపల వాసన ఉంటుంది, తీసుకునేటప్పుడు డౌన్ అవ్వలేదా?

అవతల అది చదివేవాళ్ళు ఎవరనుకుంటున్నారు? ఆ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లు. డిసెంబరు, జనవరి నెలల్లో తమ పనులన్నిటి మధ్యా కట్టలు కట్టలు చదువుతారు. ఉపగ్రహ చిత్రంలో ఒడ్డు గీత గీయడం ఎంత కష్టమో జీవితమంతా చూసినవాళ్ళు. వాళ్ళకి "అద్భుతమైన ఫలితాలు" అని చెబితే ఏమొస్తుంది? "ఇక్కడ తప్పాను, ఇందుకు తప్పాను, ఇలా సరిచేశాను" అన్న పిల్ల కనబడితే తల ఎత్తి చూస్తారు. పరిశోధన అంటేనే అది కదా! తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి కావాలి వాళ్ళకి.

ఇదే ముక్క పదేళ్ళుగా నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెబుతున్నాను. మీకూ చెబుతున్నాను, గట్టిగానే చెబుతున్నాను. 2007లో బ్రిటన్‌లో యుకాస్ అనే సంస్థ, డిగ్రీ చదువులకి దరఖాస్తులు తీసుకునే సంస్థ, పిల్లల పర్సనల్ స్టేట్‌మెంట్లని ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. వాటిలో 234 మంది ఒకే కథ రాశారు. ఎనిమిదో పుట్టినరోజు నాడు కెమిస్ట్రీ సెట్‌తో ఆడుతూ పైజమాకి చిల్లులు పడేలా కాల్చుకున్నామని, అప్పటినుంచీ సైన్సంటే ప్రాణమని! 234 పైజమాలు! ఎక్కడో ఒక నమూనా దొరికితే అందరూ దించేశారు. మన కన్సల్టెన్సీల "బాల్యం నుంచీ మక్కువ" కూడా అలాంటి పైజమానే. వందమందికి అదే తొడిగి పంపిస్తున్నారు.

మళ్ళీ ఎస్‌ఓపీకీ పర్సనల్ స్టేట్‌మెంట్‌కీ తేడా చెప్పేవాడు కూడా ఉండడు. కొన్ని యూనివర్సిటీలు రెండూ విడివిడిగా అడుగుతాయి. ఒకదాంట్లో నువ్వేం చదివావు, ఏం చేశావు, ఇక్కడికొచ్చి ఏం చేస్తావు. రెండోదాంట్లో నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు, ఏ అడ్డంకులు దాటావు. ఈ పిల్ల అప్లై చేసే ఒకచోట రెండూ అడిగారు. రెండోదానికి కూడా వాళ్ళు మొదటిదాన్నే కాస్త కత్తిరించి పెట్టారు! "మీరు పెరిగిన పరిస్థితుల గురించి చెప్పండి" అని ప్రశ్నలోనే స్పష్టంగా ఉంటే, పెరిగిన ఊరు తీసేసి పంపారు. ప్రశ్న చదవలేదు. 12 వేలు తీసుకుని ప్రశ్న చదవలేదు.

"మీ ఎస్టీమ్డ్ యూనివర్సిటీలోని ప్రపంచస్థాయి ఫ్యాకల్టీ" అని రాశారు. పిల్ల అక్కడ ఇద్దరు ప్రొఫెసర్ల పేపర్లు చదివి, ఒకాయన చేసిన ఇసక కదలిక లెక్కలు ఋషికుల్య లాంటి చోట, నదీముఖం తానే జరిగే చోట, సరిపోతాయా అని ఒక ప్రశ్న రాసుకుంది. ఆ ప్రశ్న తీసేసి ఈ వాక్యం పెట్టారు. ఒక సెమిస్టర్లో బ్యాక్‌లాగ్ ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో నిజం చెప్పుకుంది. అదీ తీసేశారు. మార్కుల లిస్టులో అది కనబడుతూనే ఉంటుంది కదా! కనబడేదాన్ని దాస్తే చదివేవాడికి ఇంకా ఏమేం దాచారోనన్న అనుమానం వస్తుంది.

ఇక ఊరి సంగతి. ఒడిశా అన్న మాట ఎక్కడెక్కడుందో వెతికి మరీ తీసేశారు. మా చిరునామాలో బరంపురం పక్కన ఒడిశా అని లేకపోతే ఏమవుతుందో తెలుసా? పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది. మా ఇంటికి రావలసిన ఉత్తరం ఒకసారి అటు తిరిగి మూడు వారాలకొచ్చింది. అది ఇంటర్వ్యూ ఉత్తరం.

ఆ ఇంటర్వ్యూ గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఈ రాత్రి రాస్తాను.

2009లో నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి అప్లై చేశాను. ఉత్తరం ఆలస్యమైనా, ముందే ఫోన్ చేసి తేదీ కనుక్కున్నాను కాబట్టి వెళ్ళగలిగాను. అప్పుడూ ఒక పెద్దమనిషి, నాకు మంచే కోరి, సలహా ఇచ్చాడు. "స్టేట్‌మెంట్‌లో బరంపురం, పొడంపేట అని రాయకమ్మా. వైజాగ్ ప్రాంతం అని రాయి. లేకపోతే ఒరియా వాళ్ళు తెలుగులో ఏం చేస్తారంటారు." రాశాను. లోపలికెళ్ళాక ఒకాయన అభిమానంగా అడిగాడు, "వైజాగ్‌లో ఎక్కడమ్మా మీది?" నా నోరు పెగల్లేదు. మా ఊరి మాటలు, మా వేట పాటలు, మా అమ్మ మాట్లాడే తెలుగు, అదే నేను పరిశోధించాలనుకున్నది. అది ఎక్కడిదో చెప్పే వాక్యం నేనే కొట్టేసుకుని వెళ్ళాను. మిగతా ప్రశ్నలకి జవాబులొచ్చినా గొంతు రాలేదు. సీటు రాలేదు. సీటు గురించి కాదు నా బాధ. ఆ రోజు వాళ్ళ ముందు నాకు ఊరు లేదు.

మనకి ఇదేం ఖర్మ? ఒడిశాలో తెలుగువాళ్ళం, ఆంధ్రాలో ఒరియావాళ్ళం. 1936 ఏప్రిల్ 1న ఒక గీత గీశారు. అంతకుముందు గంజాం అంతా మద్రాసులో ఉండేది. గీత మా మీద నుంచి పోయింది గానీ మేం ఎక్కడికీ పోలేదు. నేను చదివిన బళ్ళో తెలుగు మాస్టారు రిటైరయ్యాక మళ్ళీ ఎవరినీ వెయ్యలేదు. నా తర్వాతి పిల్లలు పాఠ్యపుస్తకాలు జిరాక్స్ తీసుకుని చదివారు. అటువైపు సీటుకి వెళ్తే నాన్ లోకల్ అంటారు. వైజాగ్‌లో బట్టల కొట్లో కూడా "మీ తెలుగు వేరేగా ఉందే" అంటారు.

ఆ తెలుగు కోసమే గిడుగు రామమూర్తి గారు పోట్లాడారు. ఎక్కడుండి? మన పర్లాకిమిడిలో ఉండి! అక్కడ రాజా వారి బళ్ళో పాఠం చెబుతూ, జనం మాట్లాడే మాటలోనే పుస్తకం రాయాలి, పిల్లలకి అర్థం కాని గ్రాంథికం రుద్దొద్దు అని పండితులందరితో తలపడ్డారు. కొండల్లో సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి పోతే అది తట్టుకోలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని ఆ పక్కన ప్రతి ఏడాదీ దండలు వేస్తారు. అదే ఆంధ్రాలో, మన సరిహద్దు తెలుగు పిల్ల తన మాటల్లో తన నుయ్యి గురించి రాసుకుంటే కొట్టేసి, ఎవరూ మాట్లాడని గ్రాంథిక ఇంగ్లీషు పెట్టి, డబ్బు తీసుకుంటారు.

ఇదంతా అరిచాక పిల్లకి ఫోన్ చేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అత్తా, నా పాత ఫైలు ఉంది. కానీ అమ్మ అంత డబ్బు కట్టింది కదా, కొంచెమైనా వాళ్ళది ఉంచనా?" అంది.

ఒక్క ముక్క ఉంచొద్దన్నాను. కామాలు రెండు బాగానే పెట్టారంది. సరే, కామాలు ఉంచుకో అన్నాను.

పక్కన మా నాన్న మేలుకునే ఉన్నాడు. దేనికీ గొడవని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నూతికి రెండేపులా మెట్లుండేవి, అది కూడా రాసిందా గుంట?" అన్నాడు.

రాయలేదు. ఫోన్లో చెప్పాను. రాస్తానంది.

డబ్బు తిరిగిమ్మని రేపు పొద్దున్నే ఆ కన్సల్టెన్సీకి మళ్ళీ ఫోన్ చేస్తాను. ఆఫీసు పదింటికి తెరుస్తారట. పదికే చేస్తాను.