ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు

మా ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం ప్రహరీగోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది: 'ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు. అతిక్రమించినచో జరిమానా రూ.500'.

అది చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఊరందరి మూత్రం కోసమే కోట్లు పోసి కట్టిన కట్టడం కదండీ అది! ఊళ్లో ఆ పనికి న్యాయంగా ఒక చోటంటూ ఉంటే అదే ఉండాలి. బస్టాండు గోడకి లేని పట్టింపు దీనికెందుకు?

నిదానంగా ఆలోచిస్తే మున్సిపాలిటీ వారి ముందుచూపు బోధపడింది. కేంద్రం కట్టారు గానీ ఇళ్ల నుంచి అక్కడిదాకా పైపులు వేయలేదు. అది 'రెండో దశ'. అందాకా ఊరి మురుగు తాతలనాటి కాలువల్లోంచే చెరువులోకి పోతోంది. అంటే రిబ్బన్ కత్తిరించిన నాటి నుంచీ ఈ కేంద్రానికి కాస్తో కూస్తో ముడిసరుకు అందించింది ఆ గోడ పక్కన ఆగే ఆటోవాళ్లే. ఇప్పుడు వాళ్లనీ ఆపేశారు. లోపల చుక్క మురుగు లేదు. శుద్ధి అంటే ఇదీ!

మరి ట్యాంకు ఖాళీగా ఎందుకుండాలని వాచ్‌మన్ భార్య అందులో మిరపకాయలు ఎండబోసింది. చుట్టూ గోడ, కోతుల బెడద లేదు, నాలుగు రోజుల్లో గలగలలాడాయి. అయిదో రోజు తనిఖీ అన్నారు. మిరపకాయలు గబగబా గోతాల్లోకి ఎత్తారు. బోరు నీళ్లతో రావాల్సిన ట్యాంకరు రాలేదు. అధికారి మాత్రం వచ్చేశారు. "ఏదీ, బ్లోయర్ వేయండి" అన్నారు. వేశారు.

నిజానికి బ్లోయర్ పని మురుగులోకి గాలి పంపడం. ఆ గాలి పీల్చి బ్యాక్టీరియా మాలిన్యాన్ని తినేస్తుంది. 1914లో మాంచెస్టర్‌లో కనిపెట్టిన పద్ధతి. మా ఊళ్లో ఆ గాలికి ట్యాంకు అడుగున మిగిలిన గింజలూ, ముక్కలూ, కారం దుమ్మూ ఒక్కసారిగా పైకి లేచాయి. ఏఈ గారు తుమ్మారు, కాంట్రాక్టర్ తుమ్మాడు, శాలువా పట్టుకున్న కుర్రాడు ఆ శాలువాలోనే తుమ్మాడు. అధికారి కళ్ల నీళ్లు పెట్టుకుని, "ఏమిటయ్యా ఈ ఘాటు?" అని అడిగారు.

"గ్యాస్ సార్. బ్యాక్టీరియా మంచి ఊపు మీదుంది."

'యంత్రాలు సంతృప్తికరం' అని రాసి వెళ్లిపోయారు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతుంటే, కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్లు. ఈ చివరి రెండు అంకెల మధ్య ఎన్ని ఊళ్ల మిరపకాయలు ఎండుతున్నాయో మరి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

ఆ వారమే మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో సెప్టిక్ ట్యాంకు పొంగింది. ఒక కుర్రాణ్ని దింపారు. ఒంటి మీద నిక్కరు, నడుముకి తాడు, చేతిలో బకెట్. గ్లవుజులు కూడా లేవు. పైన చేరినవాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. ఎవరిదయ్యా ఆ మలం? వాడిదా? ఇలా దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మనిషిని దించడానికి టెండరు అక్కర్లేదు, రెండో దశ అక్కర్లేదు, తనిఖీ అసలే అక్కర్లేదు. రెండు వేల రూపాయలు, ఒక క్వార్టర్ సీసా చాలు. మిరపకాయలు ఎండడానికి కోట్లున్నాయి, వీడికి ఒక జత గ్లవుజులకి లేవు. సిగ్గులేని ఊరు మాది.

మొన్న మళ్లీ అటు వెళ్లాను. గోడకి కొత్త రంగు వేశారు. జరిమానా వెయ్యి చేశారు. రంగు ఆరిపోయింది. దాని కింద గోడ మాత్రం తడిగానే ఉంది.