నోరు లేని ప్రాణి కోసం నిర్ణయం మనమే తీసుకోవాలి, అక్కడే ఉంది బాధంతా

కుక్కను పెంచుకుంటే మనసు తేలికపడుతుందని అందరూ చెబుతారు. నిజమే. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చాలాసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు గమనించారు. తల్లికీ బిడ్డకీ మధ్య అనుబంధాన్ని బలపరిచేదీ ఆ హార్మోనే. మరి బంధం అంత గట్టిదైనప్పుడు దాని వెంట దిగులు, విసుగు, భయం కూడా వస్తాయి కదా? వాటిని పైకి చెప్పుకోవడానికి మాత్రం చాలామంది జంకుతారు. చెబితే "కుక్కే కదా, దానికింత టెన్షనా" అంటారని.

ఈ ఇబ్బంది మొదటి నెలల్లోనే మొదలవుతుంది. ఎంతో ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తుంది, దొరికిందల్లా కొరుకుతుంది. తెచ్చి తప్పు చేశామా అనిపిస్తుంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ స్థితిని కొలవడానికి 2024లో ఒక ప్రశ్నావళిని తయారుచేశారు. ఆందోళన, చిరాకు, అలసట అందులో ప్రధానంగా కనిపించాయి. అలా అనిపించినంత మాత్రాన కుక్కంటే ప్రేమ లేదని కాదు, చాలామందికి కొంతకాలానికి అది తగ్గిపోతుంది. తర్వాత ఎనిమిదో నెల ప్రాంతంలో మరో పరీక్ష. అప్పటిదాకా మాట వింటున్న కుక్క ఉన్నట్టుండి మొండికేస్తుంది. ఆ వయసులో కుక్కలు కొత్తవాళ్ల మాట వింటూనే సొంత మనిషి మాట పెడచెవిన పెడతాయని బ్రిటన్ పరిశోధకులు 2020లో చూపించారు. తన పెంపకమే సరిగా లేదని కుమిలిపోయేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అది వయసు ప్రభావం, కొన్నాళ్లకు సర్దుకుంటుంది.

అసలు కష్టం కుక్క ముసలిదయ్యాక, లేదా నయంకాని జబ్బు పడ్డాక వస్తుంది. ముసలి కుక్కల్లో కొన్నింటికి మనుషుల్లో మతిమరుపు వ్యాధి లాంటిదే వస్తుంది. అర్ధరాత్రి లేచి ఇల్లంతా తిరుగుతాయి. నేల మీద గోళ్ల చప్పుడు ఆగదు. వెళ్లి చూస్తే గది మూలకి ముఖం పెట్టి, వెనక్కి తిరగడం తెలియక నిలబడి ఉంటుంది. మెల్లగా తిప్పి పడుకోబెడితే పది నిమిషాలకి మళ్లీ మొదలు. తెల్లారి పనికి వెళ్లాల్సిన మనిషికి ఒక్క క్షణం కోపం వస్తుంది, మరుక్షణమే ఆ కోపానికి సిగ్గేస్తుంది. దీర్ఘకాలిక జబ్బున్న పెంపుడు జంతువులను చూసుకునేవాళ్లలో ఒత్తిడి, కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా ఉంటాయని అమెరికాలో 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మంచం పట్టిన మనిషికి సేవ చేసేవాళ్లు ఎలా అలసిపోతారో వీళ్లూ అలాగే అలసిపోతారు. కాబట్టి వారంలో ఒకట్రెండు రాత్రులైనా ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలని అడగడం స్వార్థం కాదు. నిద్రలేని మనిషికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

అన్నిటికన్నా బరువైనది చివరి నిర్ణయం. మనిషైతే నొప్పి ఎంత ఉందో, ఇంకా చికిత్స కావాలో వద్దో చాలాసార్లు తానే చెప్పగలడు. కుక్క చెప్పలేదు. అందుకే బాధ లేకుండా పంపించే ఇంజక్షన్‌కి ఒప్పుకున్నవాళ్లని "తొందరపడ్డానేమో" అన్న ఆలోచన వేధిస్తుంది. ఒప్పుకోనివాళ్లని "అనవసరంగా బాధపెట్టానేమో" అన్నది తినేస్తుంది. ఏది ఎంచుకున్నా వచ్చే ఆ అపరాధ భావాన్ని తప్పు చేశామనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదని నా అభిప్రాయం. సమాధానం తెలిసిన ఒకే ఒక్క ప్రాణి దాన్ని చెప్పలేకపోయింది, అందుకే ప్రశ్న మిగిలిపోతుంది.

ఆ భారం కొంతైనా తగ్గే దారులున్నాయి. అమెరికాలో జంతువుల కేన్సర్ వైద్యురాలు ఆలిస్ విలలోబోస్ ఒక కొలమానం రూపొందించారు. నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అనే ఏడు అంశాలకు ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేయాలి, పరిస్థితి ఎంత బాగుంటే అంత ఎక్కువ. మొత్తం 35 దాటితే చికిత్స కొనసాగించవచ్చని ఆమె సూచన. ఆ అంకెనే తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కానీ క్యాలెండర్‌లో రోజూ "మంచి రోజు", "చెడ్డ రోజు" అని గుర్తు పెట్టుకుంటే, నిన్న తోక ఊపిందన్న ఒక్క ఆశతో గడిచిన పది రోజులనీ మరిచిపోకుండా ఉంటాం. ఇంట్లోవాళ్లంతా కుక్క ఇంకా బాగున్నప్పుడే కూర్చుని, ఏ పరిస్థితి దాకా చికిత్స చేయిద్దామో మాట్లాడుకోవడం ఇంకా మంచిది. "ఇది మీ కుక్కే అయితే ఏం చేసేవారు?" అని డాక్టర్‌ని నేరుగా అడగండి. నిర్ణయం నలుగురిదైతే నింద ఒక్కరి మీద పడదు. పిల్లలుంటే "నిద్రపోయింది" అనకుండా చనిపోయిందనే చెప్పాలి. లేకపోతే వాళ్లు నిద్రకే భయపడే ప్రమాదం ఉంది.

ఆ తర్వాతి దుఃఖానికి సమాజంలో చోటు తక్కువ. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే రాశారు. దగ్గరివాళ్లు పోతే పలకరించడానికి మనుషులొస్తారు, సెలవు దొరుకుతుంది. కుక్క పోతే మర్నాడే ఆఫీసులో మామూలుగా కనిపించాలి. పైగా "ఇంకోటి తెచ్చుకో" అనే సలహా ఒకటి. అలా అనేవాళ్లకి చెడు ఉద్దేశం ఉండదు, కానీ ఆ మాటతో ఎదుటివాళ్ల నోరు మూతపడుతుంది. దాని బదులు ఆ కుక్క పేరు పెట్టి, అదెలా ఉండేదో అడిగితే చాలు. ఇంకో కుక్కను ఎప్పుడు తెచ్చుకోవాలో, అసలు తెచ్చుకోవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.